మా వదిన ఎక్సెల్ షీటు, నాకు కలిపిన 0.4

మా వదిన వంటింట్లో బల్ల మీద ల్యాప్‌టాప్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అందులో ఒక ఎక్సెల్ షీటు. పాప తొమ్మిదో తరగతిలో చేరిన వారమే మొదలుపెట్టింది. ఒక్కో వరసకి ఒక్కో సబ్జెక్టు, దాని పక్కన వెయిటేజీ (కష్టమైన క్లాసైతే మార్కుకి అదనంగా కలిపేది), ఈ సెమిస్టర్లో 94 బదులు 97 వస్తే మొత్తం జీపీఏ ఎంత పెరుగుతుందో మూడు దశాంశ స్థానాల దాకా లెక్క. ఒక్క ఆర్కెస్ట్రా వరసకి మాత్రం పసుపు రంగు వేసి ఉండేది. పాప ఆరో తరగతి నుంచి వయొలిన్ వాయిస్తోంది. వాళ్ల స్కూల్లో ఆర్కెస్ట్రాకి వెయిటేజీ లేదు. అందులో నూటికి నూరు తెచ్చుకున్నా సరే, పక్కన కష్టమైన ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) క్లాసులో 90 తెచ్చుకున్న పిల్ల కంటే వెనకబడుతుంది. పదకొండో తరగతికి వచ్చేసరికి ఆ పసుపు వరస షీటులో లేదు. వయొలిన్ పెట్టె గరాజ్‌లో పాత సూట్‌కేసుల మీదకి చేరింది.

ఇంత చేశాక పాప ర్యాంకు 600 మందిలో 51. అంటే ఎనిమిదిన్నర శాతం. 2025లో చేరేవాళ్లకి టెక్సస్ యూనివర్సిటీ ఆస్టిన్ క్యాంపస్‌లో సీటు దానంతటదే రావాలంటే తమ హైస్కూలు క్లాసులో మొదటి 6 శాతంలో ఉండాలి. ఆ స్కూల్లో అది 36వ ర్యాంకు. కాలేజీ ప్రవేశాలకి రాసే శాట్ పరీక్షలో 1600కి 1530 వచ్చిన పిల్లకి ఆస్టిన్ రాలేదు. ఆ రాత్రి అన్నయ్య ఏమీ మాట్లాడలేదు. వదిన మాత్రం నన్ను సూటిగా అడిగింది.

"ఎక్కడో పల్లెటూళ్లో 38 మంది ఉన్న క్లాసులో రెండో ర్యాంకు వస్తే సీటు. ఇక్కడ 600 మందిలో 51 వస్తే లేదు. శాట్ స్కోర్లు పక్కపక్కన పెడితే ఎవరు గొప్పో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. ఇది న్యాయమేనా, నువ్వే చెప్పు."

ఆ 38 లెక్క నేను చెప్పిందే. మా టీములో పనిచేసే ఒక అమ్మాయి దక్షిణ టెక్సస్‌లో చిన్న ఊరి నుంచి వచ్చింది. 2018లో ఆస్టిన్‌లో చేరింది, అప్పుడు హద్దు 7 శాతం. క్లాసులో 38 మంది, తను రెండోది. తన కథ ఒకసారి భోజనాల దగ్గర వదినకి చెప్పాను. అదిప్పుడు నా మీదకే తిరిగొచ్చింది.

ఆ రాత్రి నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. పాప మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే ఏం మాట్లాడతాం? అప్పటి నుంచి ఏడాదిగా ఇదే ఆలోచిస్తున్నాను. ఇక్కడ మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ప్రతి డిసెంబరు, జనవరిలో ఈ చర్చ లేస్తుంది. నూటికి తొంభై మంది వదిన పక్షమే. నేను ఆ పక్షం కాదు. ఎందుకో రాయాలనిపించింది.

ముందు, ర్యాంకుతో సీటిచ్చే ఈ టెక్సస్ చట్టం ఎందుకొచ్చిందో చూద్దాం. 1996లో హాప్‌వుడ్ కేసులో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు, అడ్మిషన్లలో విద్యార్థి జాతిని లెక్కలోకి తీసుకోకూడదని తీర్పిచ్చింది. ఆ రోజుల్లో ఆస్టిన్‌లో కొత్తగా చేరే పిల్లల్లో సగం మంది దాదాపు 60 హైస్కూళ్ల నుంచే వచ్చేవాళ్లు. రాష్ట్రంలో హైస్కూళ్లు వెయ్యికి పైనే ఉన్నాయి. మిగతా ఊళ్ల జనం కూడా పన్నులు కడుతున్నారు, వాళ్ల పిల్లలు మాత్రం ఆ గేటు దాటడం లేదు. కింగ్స్‌విల్ నుంచి ఎన్నికైన ఇర్మా రాంజెల్ అనే శాసనసభ్యురాలు 1997లో ఒక బిల్లు తెచ్చింది. టెక్సస్ శాసనసభకు ఎన్నికైన తొలి మెక్సికన్ అమెరికన్ మహిళ ఆవిడే. అంతకుముందు బడిపంతులమ్మగా పనిచేసింది. బిల్లులో ఉన్నది చాలా చిన్న మాట: రాష్ట్రంలో ఏ హైస్కూలైనా సరే, క్లాసులో మొదటి 10 శాతంలో ఉన్న ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఏ రాష్ట్ర యూనివర్సిటీలో అడిగితే అందులో సీటివ్వాలి. శాట్ ఎంతని చూడకూడదు. అప్పటి గవర్నర్ జార్జ్ బుష్ సంతకం పెట్టాడు. దీన్ని నిలబెట్టింది సరిహద్దు పక్కన ఉండే మెక్సికన్ కుటుంబాలు, నగరాల్లోని నల్లజాతి పేటలు మాత్రమే కాదు. పత్తి పండే పడమటి టెక్సస్ ఊళ్ల తెల్లవాళ్ల ప్రతినిధులు కూడా గట్టిగా నిలబడ్డారు. వాళ్ల ఊళ్ల నుంచి కూడా ఆస్టిన్‌కి ఎవరూ వెళ్లేవాళ్లు కారు మరి.

తర్వాత ఆస్టిన్ నిండిపోయింది. 2009లో చట్టం మార్చి, ఆ క్యాంపస్‌కి మాత్రం ఒక వెసులుబాటు ఇచ్చారు: టెక్సస్ పిల్లల సీట్లలో 75 శాతం వరకు ర్యాంకుతో నింపితే చాలు. దాంతో హద్దు కొంచెం అటూ ఇటూ ఊగుతూ కిందకి జారింది. 7 అయింది, 2019 నుంచి 6. 2026లో చేరేవాళ్లకి 5.

ఇక నా సంగతి. ఇది చెప్పకుండా నేను ఈ విషయం రాయడం నిజాయితీ కాదు.

నేను తిరువూరు దగ్గర ఒక ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియంలో చదివాను. 2013లో పది పాసయ్యాను. జీపీఏ 9.5. ఆ మార్కులతో నూజివీడు ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెడితే, ప్రభుత్వ బడిలో చదివినందుకు 0.4 కలిపారు. 9.9 అయింది. సీటొచ్చింది. ఈ ట్రిపుల్ ఐటీలను నడిపే ఆర్జీయూకేటీ యూనివర్సిటీ పెట్టిందే ఊళ్లలో పిల్లల కోసం. 2008లో నూజివీడు, బాసర, ఇడుపులపాయల్లో మొదలైంది. పదో తరగతి అవగానే తీసుకుని ఆరేళ్లు అక్కడే ఉంచి ఇంజనీర్లను చేసి పంపుతారు. ఎంసెట్ కోచింగ్ అన్న మాటే లేదు. మా నాన్న అప్పటికి కౌలుకి రెండెకరాలు చేస్తున్నాడు. విజయవాడలో కార్పొరేట్ కాలేజీ హాస్టల్ ఫీజు ఆయన రెండేళ్ల మిగులు కంటే ఎక్కువ. ఆ 0.4 లేకపోతే నేను ఇంటర్ ఎక్కడ చదివేవాణ్ణో నాకు తెలుసు. బహుశా చదివేవాణ్ణే కాదు.

ఆ 0.4 దానం అని అప్పట్లో కొందరన్నారు. నాకు ప్రైవేటు బడి పిల్లాడి కంటే తెలివి ఎక్కువని దానర్థం కాదు. మా బడిలో సైన్సు మాస్టారి పోస్టు ఒకటిన్నరేళ్లు ఖాళీ. ఫిజిక్స్ మేము గైడు చూసి చదువుకున్నాం. అలాంటి చోట వచ్చిన 9.5, ఉదయం ఐదింటికి లేపి స్టడీ అవర్లు పెట్టి, వారానికి రెండు పరీక్షలు పెట్టే చోట వచ్చిన 9.8, ఈ రెండూ ఒకే తూకం రాళ్లతో తూచేవి కావు. ప్రభుత్వం దాన్ని ఒక అంకెగా రాసింది, అంతే.

టెక్సస్ ర్యాంకు పద్ధతి చేసేదీ ఇదే. నా మటుకు నాకు 0.4 కంటే అదే మేలు. ఎందుకంటే 0.4 ఎంత ఉండాలో ఎవరో కూర్చుని నిర్ణయించాలి. ర్యాంకులో ఆ గొడవ లేదు. ఒకే గదిలో, అవే టీచర్ల దగ్గర, అవే పుస్తకాలతో చదివినవాళ్లలో నువ్వు ఎన్నోదానివి అని మాత్రమే అడుగుతుంది.

ఇక్కడ మనవాళ్లు ఒక పోలిక తెస్తారు. ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉండేది కదా, తెలంగాణ 2023లో దాన్ని పూర్తిగా తీసేసింది కదా, స్కూలు మార్కులు నమ్మదగ్గవి కావని మనకే తెలుసు కదా అని. ఆ పోలిక కుదరదు. ఇంటర్ మార్కులు రాష్ట్రమంతా ఒకే కుప్ప. కార్పొరేట్ కాలేజీలో 980లు, 985లు గుట్టలుగా వస్తే, మన్యం జూనియర్ కాలేజీలో మొదటివాడి 870 ఆ గుట్ట కింద కనపడకుండా పోతుంది. మార్కులు అందరికీ ఒకేసారి పెరుగుతాయి. ర్యాంకు అలా పెరగదు. ఏ బడిలోనైనా మొదటి స్థానం ఒక్కటే ఉంటుంది. ఎన్ని లక్షలు పెట్టినా రెండో మొదటి స్థానం పుట్టదు. ర్యాంకు మీద డబ్బున్నవాళ్లకి కోపం రావడానికి అసలు కారణం ఇదేనని నేననుకుంటాను.

వదినకి ఇది చెబితే నొచ్చుకుంటుందని తెలిసి కూడా ఒకరోజు చెప్పాను. "వదినా, మీరు ఈ ఇల్లు కొన్నప్పుడు రియల్టర్ మొదట చూపించింది ఏంటి? స్కూలు రేటింగే కదా. పాత ఇంటి కంటే లక్షా నలభై వేల డాలర్లు ఎక్కువ పెట్టి ఈ వీధిలోకి వచ్చాం అని మీరే అన్నారు." ఆ డబ్బుకి ఫలం పాపకి అప్పుడే అందింది. పాతికకు పైగా ఏపీ క్లాసులు, కాలిక్యులస్ రెండు స్థాయిల్లో, రోబోటిక్స్ గది, శాట్ కోచింగ్, పక్కింటి పిల్లలంతా చదువు పిచ్చి ఉన్నవాళ్లే. ఇవన్నీ పాప బుర్రలోకి చేరాయి. ఎవరూ వెనక్కి తీసుకోలేరు. మనం కొనుక్కున్నది మంచి బడి. ఆస్టిన్ సీటు ఆ ధరలో లేదు. ఉండాలని కోరుకుంటే, సర్కారు యూనివర్సిటీ సీటు ఇళ్ల ధరల్లో కలిపి అమ్మినట్టే. తిరువూరు దగ్గర కౌలు రైతు కొడుకుగా నేను దానికి ఒప్పుకోలేను.

వదిన మాట్లాడలేదు. "పాప ముందు అనకు" అంది, అంతే.

అయితే వదిన మాటలో నిజం కూడా ఉంది. శాట్ అనేది ఉత్త డబ్బు పరీక్ష, తీసేయాలి అనే వాదన నాది కాదు. కరోనా వచ్చినప్పుడు ఆస్టిన్ శాట్ స్కోరు ఇవ్వడం మీ ఇష్టం అంది. 2024 మార్చిలో మళ్లీ తప్పనిసరి చేస్తున్నామని ప్రకటించింది. అందుకు చూపించిన లెక్కలు ఎవరైనా చదవాల్సినవి. 2023లో చేరిన 9,217 మందిలో స్కోరు లెక్కలోకి తీసుకోమన్నవాళ్ల మధ్యస్థ శాట్ 1420, వద్దన్నవాళ్లది 1160. హైస్కూలు ర్యాంకు, జీపీఏ లాంటివన్నీ సరిచూసుకున్నాక కూడా, స్కోరు ఇచ్చినవాళ్ల మొదటి సెమిస్టర్ జీపీఏ 0.86 ఎక్కువ. నాలుగు పాయింట్ల స్కేలులో 0.86 చిన్న తేడా కాదు. దాదాపు బి గ్రేడుకీ సి గ్రేడుకీ మధ్య ఉన్నంత దూరం అది. ర్యాంకు చెప్పనిది ఏదో ఆ పరీక్ష చెబుతోంది. దాన్ని కాదనడం కళ్లు మూసుకోవడమే.

మా టీములో అమ్మాయి ఇదే చెప్పింది. వాళ్ల హైస్కూల్లో కాలిక్యులసే లేదు. చెప్పే టీచరు లేక. తను అక్కడ లెక్కల్లో మొదటిది. ఆస్టిన్‌లో మొదటి కాలిక్యులస్ పరీక్షలో 41 వచ్చింది. పేపర్ బల్ల మీద బోర్లా పెట్టి, పక్కవాళ్ల పేపర్ మీద అంకె కనపడితే తల తిప్పుకున్నానని చెప్పింది. తను చెబుతుంటే నాకు నూజివీడు మొదటి నెలలు గుర్తొచ్చాయి. చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చారు, పాఠం ఇంగ్లీషులో ఉంది, లెక్క తెలుసు, లెక్కలో అడిగిందేంటో తెలియదు. 'పెర్పెండిక్యులర్' అంటే మా బడిలో చెప్పిన 'లంబం' అని తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది. లంబం గురించి నాకు ఎంత తెలుసో ఆ రెండు రోజులూ ఎవరికీ తెలియదు.

మరి 41 వచ్చిన పిల్లని ఏం చేయాలి? గేటు దగ్గరే ఆపేయాలా? ఆస్టిన్‌లోనే దీనికి జవాబు దొరికింది, 1999లో. డేవిడ్ లాడ్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ 500 మంది కూర్చునే తన క్లాసులో ప్రతిసారీ ఒకే రకం పిల్లలు తప్పడం గమనించాడు. శాట్ తక్కువ, ఇంట్లో ఆదాయం తక్కువ, అమ్మానాన్నలు కాలేజీ మొహం చూడనివాళ్లు. అలాంటివాళ్లను 50 మందిని విడిగా తీసి చిన్న క్లాసు పెట్టాడు. సగటున వాళ్ల శాట్ మిగతావాళ్ల కంటే 200 తక్కువ. సిలబస్ తగ్గించలేదు. అదే పాఠం, అవే కఠినమైన పరీక్షలు. వారానికి అదనంగా కొన్ని గంటలు, పక్కన దారి చూపే సీనియర్లు, వెంటపడి అడిగే సలహాదారులు. సెమిస్టర్ చివర పెద్ద క్లాసుకీ ఈ చిన్న క్లాసుకీ గ్రేడులు సమానం.

ఆ పద్ధతినే యూనివర్సిటీ తర్వాత పెద్ద ఎత్తున పట్టుకుంది. ఏ పిల్ల నాలుగేళ్లలో డిగ్రీ పూర్తి చేయడం కష్టమవుతుందో చేరకముందే లెక్కగట్టి, వాళ్ల మీదే ఎక్కువ ఖర్చు పెట్టింది. 2013 ప్రాంతంలో నాలుగేళ్లలో పూర్తి చేసేవాళ్లు 52 శాతం. ఐదారేళ్లలో అది 70 శాతం దరిదాపులకు వచ్చింది. ఆ లెక్క కట్టడానికి శాట్ స్కోరు పనికొచ్చింది. నేను శాట్ ఉండాలంటున్నది ఇందుకే. డాక్టరు బీపీ చూసేది రోగిని ఆసుపత్రిలోకి రానివ్వాలా వద్దా అని తేల్చడానికి కాదు కదా. ర్యాంకుతో లోపలికి రానివ్వండి. స్కోరు చూసి ఎవరికి ఏం కావాలో పెట్టండి. మా టీము అమ్మాయికి రెండో సెమిస్టర్లో అలాంటి ఆసరా దొరికింది. ఈ రోజు మా కోడ్‌లో నేను తప్పు చేస్తే మొదట పట్టుకునేది ఆ అమ్మాయే.

ఇంకోటి. మేజర్ల (డిగ్రీలో ఎంచుకునే ముఖ్య సబ్జెక్టుల) సంగతి ఇక్కడి తల్లిదండ్రులకి బాగా తెలుసు. ర్యాంకు వల్ల ఆస్టిన్ గేటు తెరుచుకుంటుందే గానీ, కంప్యూటర్ సైన్సో, ఇంజనీరింగో, బిజినెస్సో వస్తుందన్న హామీ లేదు. అక్కడ శాట్, వ్యాసాలు, ఇంటర్న్‌షిప్పులు అన్నీ చూస్తారు. అంటే స్కోరుకి విలువ లేదన్న మాట సగమే నిజం.

ర్యాంకు పద్ధతిలో నాకు నిజంగా కడుపు మండేది ఆ పసుపు వరస. పదహారేళ్ల పిల్ల వయొలిన్ మానేసింది, అది కూడా సంగీతం ఇష్టం లేక కాదు, సంగీతంలో వచ్చిన నూరు తనని వెనక్కి లాగుతోందని. ఈ తప్పు చట్టానిది కాదు. వెయిటేజీ ఎలా కట్టాలో ఏ స్కూల్ డిస్ట్రిక్టుకి (ఆ ప్రాంతం బడులను నడిపే స్థానిక సంస్థకి) ఆ డిస్ట్రిక్టు రాసుకుంటుంది. కొన్ని చోట్ల ర్యాంకుకి ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్ లాంటి ముఖ్య సబ్జెక్టులే లెక్కిస్తారు. అక్కడ ఆర్కెస్ట్రా పిల్లకి నష్టం లేదు. అందరూ అలా చేయొచ్చు. మన తెలుగు అసోసియేషన్లు స్కూలు బోర్డు మీటింగులకి వెళ్లి పోట్లాడాల్సింది దీని కోసం. చట్టం ఎత్తేయమని సంతకాలు సేకరించడం కంటే ఇది పిల్లలకి పనికొస్తుంది. బడి పాటకి మాత్రం వెయిటేజీ లేకుండా చేయడం ఏం పద్ధతి?

రెండో బాధ ఆ జారుతున్న అంకె. 10, 7, 6, 5. 1997లో టెక్సస్ జనాభా రెండు కోట్లకి కొంచెం తక్కువ. ఇప్పుడు మూడు కోట్లు దాటింది. ఆ పెరిగిన జనంలో మనమూ ఉన్నాం. జనం ఇంత పెరిగినా అందరి కళ్లూ ఆ ఒక్క క్యాంపస్ మీదే. వదిన కోపం ఆ 38 మంది క్లాసులో రెండో పిల్ల మీద. ఆ పిల్ల పాప సీటు తీసుకోలేదు. రాష్ట్రం ఆస్టిన్ లాంటి క్యాంపస్ ఇంకోటి, ఇంకోటి తయారు చేయనందుకు పాప సీటు పుట్టనేలేదు. ఈ మాట ఎవరూ అనరు. సీట్లు చాలనప్పుడు వరసలో పక్కనున్నవాళ్లని తోయడం మనకి అలవాటైపోయింది, అక్కడా ఇక్కడా.

పాప ఇప్పుడు రిచర్డ్‌సన్‌లో, టెక్సస్ యూనివర్సిటీ డాలస్ క్యాంపస్‌లో కంప్యూటర్ సైన్సు చదువుతోంది. ఆస్టిన్‌కి తప్ప మిగతా రాష్ట్ర యూనివర్సిటీలన్నిటికీ 10 శాతం హద్దు అలాగే ఉంది కాబట్టి, 51వ ర్యాంకుకి అక్కడి గేటు దానంతటదే తెరుచుకుంది. పోయిన నెల ఇంటికొచ్చినప్పుడు గరాజ్‌లోంచి వయొలిన్ పెట్టె కారులో పెట్టుకుని వెళ్లింది. తీగలు రెండు తెగిపోయి ఉన్నాయి.

ఆ రోజే వదిన మళ్లీ అడిగింది. ఈసారి కోపంగా కాదు. "నిజం చెప్పు, ఆ 0.4 కలపకపోతే నీకు వచ్చేదా?"

రాదన్నాను. ఇంకో మాట కూడా చెప్పాను, ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది. మా బడిలో నా తర్వాత వాడికి 9.2. మా ఇద్దరిదీ ఒకే బెంచీ. లెక్కల్లో నాకంటే చురుకు, నేను వాడి దగ్గర చెప్పించుకునేవాణ్ణి. తెలుగు పరీక్ష రోజు వాడికి జ్వరం. 0.4 కలిపితే వాడికి 9.6 అయింది. ఆ ఏడు జాబితా వాడికి పైనే ఆగిపోయింది. నూజివీడు బస్సు నేను ఎక్కిన రోజు వాడు నా పెట్టె మోసుకుంటూ స్టాండు దాకా వచ్చాడు. ఇప్పుడు తిరువూరులో మోటారు రీవైండింగ్ షాపు పెట్టుకున్నాడు. ఊరికి వెళ్లినప్పుడల్లా అక్కడ కూర్చుంటాను. చుట్టలు లెక్కేసేటప్పుడు కాగితం, పెన్ను ముట్టుకోడు. నోటితోనే చేస్తాడు.